బెసోరు వాగునొద్ద నిలిచినవారు

సిద్ధపడనివాడు పందెములో దిగవచ్చునా? దిగినవాడు నడుమ ఆగవచ్చునా? ఈ రెండు ప్రశ్నలను ఒక పడుచువాడు మా యొద్దకు తెచ్చెను. అతనికి చెప్పిన జవాబును మరల తూచి చూచుకొనుటకై మీ యెదుట ఉంచుచున్నాము.

హైదరాబాదు పాతబస్తీలో, ఛత్రినాక దగ్గర, మా దగ్గరి బంధువుల కుటుంబమొకటి అద్దెకున్నది. ఆ యింటి కుమారుడు మాకు తమ్ముని కొడుకు వరుస. ఊరినుండి చదువుకొరకు వచ్చి, పట్నములోనే ఉద్యోగము చూచుకొని, పెండ్లియాడి, ఒక బిడ్డకు తండ్రియైనాడు. అతనిది రాత్రి డ్యూటీ. ఊరంతయు లేచు వేళ అతడు పండుకొనును. ఇటీవల మేము పనిమీద పోయి వారింట దిగినప్పుడు, గోడప్రక్కను సన్నని చక్రముల సైకిలొకటి నిలువబెట్టియుండెను. ఇది ఎవరిదని అడిగితిమి.

"నాదే పెద్దనాయనా. గోవాల పోటీ ఉన్నది. ఇంక మూడు వారాలే," అనెను.

ఆ మాటలో సంతోషము లేదు. మెల్లమెల్లగా సంగతి బయటికి వచ్చెను. ఎనిమిది నెలల క్రితము ఉత్సాహముతో పేరిచ్చి రుసుము కట్టినాడు. పిమ్మట తల్లికి జబ్బుచేసినది, ఆస్పత్రి తిరుగుట, అప్పు, డ్యూటీ మార్పులు. సాధన అంతయు చెదరిపోయినది. కొన్ని ఆదివారములు ఈతకొలనులో ఈదినాడు. కొన్ని తెల్లవారుజాములు స్నేహితులతో సైకిలుపై చార్మినారు వరకు వచ్చి, చాయ త్రాగి, మరికొంత తిరిగి యిల్లు చేరినాడు. దూరపు సవారి రెండుసార్లకంటె చేయలేదు. దినమునకు నాలుగు గంటల నిద్ర.

"పైసలు కట్టిన. ఆఫీసుల అందరికి చెప్పిన. ఇప్పుడు వద్దంటే నలుగురు నవ్వుతరు. పోతే ఈ శరీరం నిలుస్తదో లేదో తెలుస్తలేదు. నువ్వే చెప్పు పెద్దనాయనా, ఏం చెయ్యాలె?"

అతని భార్య వంటింటి గడపయొద్ద నిలువబడి, చేతిలో గరిటె పట్టుకొని, మాటాడక వినుచుండెను. ఆమె మౌనము చూచిన పిమ్మట ఇది ఆటల సంగతి మాత్రమే కాదని మాకు తోచెను.

ఈ పోటీ యెట్టిదో మనలో పలువురు ఎరుగరు గనుక కొంత చెప్పవలెను. దీనిని ట్రయాథ్లాన్ అందురు. ఒకదాని వెంట ఒకటి మూడు పందెములు: మొదట ఈత, పిమ్మట సైకిలు, ఆ పిమ్మట పరుగు. నడుమ బట్టలు మార్చుకొను సమయము సహా లెక్కలోనికే వచ్చును. వీటిలో పేరుగాంచిన దీర్ఘమైన పోటీకి ఐరన్‌మ్యాన్, అనగా ఇనుప మనిషి అని పేరు. అందులో 3.8 కిలోమీటర్లు ఈదవలెను, 180 కిలోమీటర్లు సైకిలు త్రొక్కవలెను, తుదకు 42 కిలోమీటర్లు పరుగెత్తవలెను. మొత్తము 226 కిలోమీటర్లు. హైదరాబాదునుండి కర్నూలునకు గల బాటకంటె ఇది కొంచెము ఎక్కువే. సాధారణముగా 17 గంటలలో ముగింపవలెను. దీనిలో సగము దూరము గల పోటీయు కలదు: 1.9 కిలోమీటర్ల ఈత, 90 కిలోమీటర్ల సైకిలు, 21 కిలోమీటర్ల పరుగు. ఈ సగము పోటీ 2019 అక్టోబరులో గోవాలో మొదటిసారి జరిగినది. మా పిల్లవాడు పేరిచ్చినది ఈ సగపు దూరమునకే. సగమనగా సులభమని తలంపకుడి.

ఈ ఆట పుట్టుక సహా ఆలోచింపదగినదే. 1978 ఫిబ్రవరి 18న హవాయి ద్వీపములలోని ఓవాహులో మొదటి ఐరన్‌మ్యాన్ జరిగెను. అమెరికా నౌకాదళ అధికారియైన జాన్ కాలిన్స్, ఆయన భార్య జూడీ దానిని తలపెట్టిరి. ఈతగాడు, సైకిలువాడు, పరుగువాడు, వీరిలో గట్టివాడెవడను వాదము నుండి ఈ తలంపు వచ్చెను. ఆ దీవిలో వేరువేరుగా నుండిన మూడు పోటీలను ఒక్క దినమున కూర్చిరి. 15 మంది బయలుదేరిరి, 12 మంది ముగించిరి. గోర్డన్ హాలర్ అనువాడు 11 గంటల 46 నిమిషములలో మొదట వచ్చెను. మొదటి దినమందే బయలుదేరినవారు పదునైదుగురు, గమ్యము చేరినవారు పండ్రెండుగురు. ఆగిపోవుట ఈ ఆటతోకూడ పుట్టినదే గాని, తరువాత వచ్చిన పిరికితనము కాదు.

ఇక శరీరము సంగతి. దీనిని రైతులకు వేరుగా బోధింపనక్కర లేదు. కోడెకు కాడి అలవాటు చేయునప్పుడు మనమేమి చేయుదుము? మొదటి దినమే నల్లరేగడిలో దుక్కికి దింపుదుమా? ముసలి యెద్దు ప్రక్కన వట్టి కాడి వేసి నాలుగడుగులు నడిపింతుము. పిమ్మట తేలిక నేలలో రెండు చాళ్ళు. ఆ పిమ్మట పూట పని. తొందరపడి మొదటనే దుక్కికి కట్టినయెడల మెడ పుండగును, లేదా కోడె కూలబడును. మరల అది కాడి చూచినంతనే బెదరును. నీతిమంతుడు తన పశువు ప్రాణమును సహా ఎరిగి నడచునని సామెతల గ్రంథము మనకు నేర్పుచున్నది. ఎద్దును ఎరిగినవాడు తన కాళ్ళను ఎరుగకపోవుట న్యాయమా?

వైద్యులు చెప్పునదియు ఇదే. సాధన చేయుకొలది గుండె, ఊపిరి కొన్ని వారములలోనే బలపడును. ఎముకలు, కీళ్ళయొద్ద కండరములను బిగించు నరముల త్రాళ్ళు మాత్రము మెల్లగా, నెలల మీద గట్టిపడును. గనుక ఊపిరి సరేయన్నను మోకాలు ఒప్పుకొనదు. కండరములలోను కాలేయములోను శరీరము దాచుకొను చక్కెర సుమారు అర కిలో మాత్రమే. గట్టిగా శ్రమించినయెడల రెండు గంటల ప్రాంతమున అది తరిగిపోవును. క్రొవ్వు మిగిలియున్నను అది పచ్చికట్టెవలె మెల్లగా మండును. నెలల తరబడి సాధన చేసినవాని దేహము ఆ క్రొవ్వును వాడుకొనుట నేర్చుకొనును. నేర్వనివాని దేహము నడుబాటలో ఒక్కసారిగా ఆరిపోవును. ఎండలో లోపలి వేడి 40 డిగ్రీలు దాటినయెడల మనస్సు కలతపడి మాట తడబడును. ఆ స్థితిలోనివానిని వెంటనే చల్లబరుపకున్న ప్రాణాపాయము. భయపడి వట్టి నీళ్ళు మితిమీరి త్రాగినను, రక్తములో ఉప్పు పలుచబడి మెదడు వాచును. ఈ పోటీలలో మరణించినవారిలో అధికులు ఈతలోనే మరణించిరి. ఏలయనగా నేలమీద అలసినవాడు కూర్చుండగలడు, నీటిలో అలసినవానికి కూర్చుండు చోటు లేదు.

మరునాటి సాయంకాలము అతడు మమ్మును బండిమీద జూపార్కు వైపునకు తీసికొనిపోయెను. అక్కడ మీర్ ఆలం చెరువు కట్ట యున్నది. 1804 మొదలు 1808 వరకు నిజాము దివానుగా నుండిన మీర్ ఆలం పేర అది వెలసినది. ఆ కట్ట తిన్నని గోడ కాదు. అర్ధచంద్రాకారముగా వంగిన 21 కమానులు ప్రక్కప్రక్కన నిలిచి నీటిని ఆపుచున్నవి. ప్రతి కమాను తన వీపును నీటివైపు త్రిప్పి, తనపై పడిన బరువును ఇరుప్రక్కల నున్న దిమ్మలకు అందించును. అందుచేత ఏ ఒక్కటియు చెరువంతటి బరువును మోయదు. రెండు వందల యేండ్లు దాటినను కట్ట నిలిచియున్నది.

మేము అతనితో ఇట్లంటిమి: "నాయనా, నీవు ఎనిమిది నెలలలో కట్టవలసిన కమానులలో నాలుగో అయిదో కట్టినావు. మిగిలిన చోట వట్టి గోడ యున్నది. పోటీ దినమున నీరు మాత్రము నిండుగానే వచ్చును. కట్టనివానికి తక్కువ నీరు రాదుగదా."

అతడు తల వంచుకొని, "మనసు గట్టిగుంటె శరీరం దానంతట అదే వస్తదంటరు గద పెద్దనాయనా," అనెను.

ఈ మాటను మనము జాగ్రత్తగా తూచవలెను. దీనికి సాక్ష్యముగా లోకము ఒక సంగతిని తరచుగా చూపుచున్నది. 1982 ఫిబ్రవరిలో హవాయిలో జూలీ మాస్ అను కళాశాల విద్యార్థిని తన చదువునకు సంబంధించిన పరిశోధనకొరకు ఈ పోటీలో దిగెను. చాలినంత సాధన ఆమెకు లేదు. అయినను స్త్రీలలో ముందు నడచెను. గమ్యమునకు కొద్ది దూరములో కాళ్ళు చచ్చుబడి పడిపోయెను, లేచెను, మరల పడిపోయెను. ఇంతలో కాథ్లీన్ మెకార్ట్నీ ఆమెను దాటిపోయి గెలిచెను. జూలీ చేతులతో మోకాళ్ళతో ప్రాకుచు, 29 సెకండ్ల వెనుక గీత దాటెను. టెలివిజనులో అది చూచి అనేకులు కన్నీరు కార్చిరి. ఈ ఆటకు పేరు వచ్చినదే ఆ దృశ్యముచేత.

ఆ పడుచుపిల్ల పట్టుదలను మేము తక్కువ చేయము. అయితే ఆమె బ్రతికియుండుట చేతనే ఆ కథ మనకు తీపిగానున్నది. ప్రాకినవారందరును గీత దాటరు. దాటనివారి చిత్రములను ఎవరును మరల మరల చూపరు. గెలిచిన దుడుకుతనమునకు ధైర్యమని పేరు పెట్టుదుము. అదే దుడుకుతనము చెడినప్పుడు మూర్ఖత్వమందుము. క్రియ ఒక్కటే, పేరు మాత్రము ఫలమును బట్టి మార్చుచున్నాము. ఇట్లు తూచుట సరియైన త్రాసు కాదు. దేవాలయ శిఖరమునుండి దుముకుమని శోధకుడు ప్రభువును ప్రేరేపించినప్పుడు, ఆయన దుముకుటకు ఒప్పుకొనలేదు. దేవదూతలు పట్టుకొనరని ఆయన భయపడెనా? కాదు. పట్టుకొందురో లేదో చూతమని దుముకుట విశ్వాసము కాదు.

అయితే అలసినవాడు ప్రతిచోట ఆగవలెనా? ఇక్కడ రెండవ ప్రశ్న వచ్చుచున్నది. ఆ ప్రయాణములోనే మేము మనుమరాలికి గాజులు కొనుటకు చార్మినారు ప్రక్కన లాడ్ బజారునకు పోయితిమి. అక్కడి లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించినది. లక్కను బొగ్గుల సెగమీద కాచి, సాగదీసి, గుండ్రముగా చుట్టి, మెత్తగా నున్నప్పుడే ఒక్కొక్క రాయిని చేతితో అద్దవలెను. ఒక తల్లి సెగ ముందర కూర్చుండి రాళ్ళు అద్దుచుండెను. వ్రేళ్ళు కాయలు కాచియున్నవి, కన్నులు ఎఱ్ఱబడియున్నవి. ఆమె కూడ అలసినదే. ఆమెకు పతకము లేదు, చప్పట్లు లేవు. ఆమె నడుమ లేచిపోయినయెడల ఆ రాత్రి పిల్లలకు రొట్టె లేదు. మన యిండ్లలో ఒడ్లు నాటు కూలితల్లి, జబ్బుమనిషి మంచమునొద్ద తెల్లవారులు కూర్చుండు కోడలు, వీరందరును ఆ తల్లికి అక్కచెల్లెండ్రే.

అలసట ఒక్కటే, దాని మూలములు రెండు. ఒకటి ఇతరుల ఆకలి మనపై మోపిన అలసట. మరియొకటి మనమే కోరి నెత్తికెత్తుకొన్న అలసట. మొదటి దానియందు, శక్తికి మించి నడచుట ఒక్కొక్కప్పుడు ప్రేమయగును. ఎపఫ్రొదితు పరిచర్య కొరకు ప్రాణమునకు తెగించెనని పౌలు ఫిలిప్పీయులకు వ్రాయుచు, అట్టివానిని గౌరవింపుమనెను. రెండవ దానియందు, శక్తికి మించి నడచుటకు ఆ పేరు చెల్లదు. కోరి ఎత్తుకొన్న మూటను దించుటకు కూడ మనకు స్వేచ్ఛ కలదు. దించకుండుటకు కారణము నలుగురి నవ్వు ఒక్కటే యైనయెడల, మనము పరుగెత్తునది గమ్యమునకు కాదు, నలుగురి నోటికే.

ఇక ఇంటిలోని వారి సంగతి. భర్త నీటిలో దిగినప్పుడు భార్య ఒడ్డున లేదు, ఛత్రినాకలో ఫోను పట్టుకొని కూర్చుండియుండును. పందెములో దిగినవాడు తన దేహమును ఒక్కడే పెట్టుబడి పెట్టుచున్నాననుకొనును. ఆ దేహములో బిడ్డ పాలు, తల్లి మందులు, ఇంటి అద్దె సహా చేరియున్నవి.

సమూయేలు మొదటి గ్రంథము 30వ అధ్యాయములోని సంగతి మీకు జ్ఞాపకమున్నదా? సిక్లగును అమాలేకీయులు కాల్చివేసి, దావీదు జనుల భార్యలను బిడ్డలను చెరగొనిపోయిరి. దావీదు ఆరు వందల మందితో తరిమెను. బెసోరు వాగునొద్దకు వచ్చునప్పటికి రెండు వందల మంది అలసి వాగు దాటలేకపోయిరి. దావీదు వారిని తిట్టలేదు, ఈడ్చుకొనిపోలేదు. సామాను నొద్ద వారిని నిలిపి, నాలుగు వందల మందితో పోయి, అందరిని విడిపించి తెచ్చెను. తిరిగి వచ్చినప్పుడు కొందరు చెడ్డవారు, రానివారికి కొల్లసొమ్ములో పాలు లేదనిరి. దావీదు ఒప్పుకొనలేదు. యుద్ధమునకు పోయినవానికిని సామానునొద్ద నిలిచినవానికిని సమముగా పాలు పంచి, దానిని ఇశ్రాయేలునకు కట్టడగా నియమించెను.

గమనింపుడి. అక్కడ చెరలో నున్నది సొంత భార్యాబిడ్డలు. అంతటి పని మీద పోవుచున్నను, దాటలేనివానిని దాటుమని దావీదు బలవంతపెట్టలేదు. అట్లయిన ఒక పతకము కొరకు మనల మనము బలవంతపెట్టుకొనుటకు ఏ అధికారము కలదు? వాగునొద్ద నిలిచినవారు సామాను కాచిరి. ఆగుట వట్టి ఆగుట కాదు, మిగిలినదానిని కాపాడుట.

ఆ రాత్రి భోజనమైన పిమ్మట మేము అతనితో మూడు మాటలు చెప్పితిమి. మొదటిది: ఉన్నదున్నట్లు చెప్పుము. ఎంత సాధన చేసినావో, ఎంత నిద్రపోవుచున్నావో నీ భార్యకును, వెంట వచ్చు స్నేహితులకును దాచక చెప్పుము. గోపురము కట్టగోరువాడు మొదట కూర్చుండి ఖర్చు లెక్క చూచుకొనవలెనని ప్రభువు చెప్పినది, కట్టవద్దని కాదు, తన్ను తాను మోసగించుకొనవద్దని. రెండవది: ఈ మూడు వారములలో కొత్త బలము రాదు గనుక, పోయిన నెలలను ఇప్పుడు పట్టుకొనవలెనని పరుగెత్తకుము. నిద్రపొమ్ము. ఏలీయా బదరీవృక్షము క్రింద చావు కోరుకొన్నప్పుడు దేవదూత అతనికి ప్రసంగము చేయలేదు. రొట్టె, నీళ్ళు ఇచ్చి మరల పండుకొననిచ్చెను. మూడవది: ఎక్కడ ఆగవలెనో ఇప్పుడే, బుద్ధి తేటగా నున్నప్పుడే, నిర్ణయించుకొనుము. అలసిన తల ఆ దినమున సరిగా లెక్కపెట్టలేదు.

అప్పుడు గడపయొద్ద నున్న ఆమె మొదటిసారి నోరు తెరచెను. "పెద్దమామయ్యా, ఆగుతనని నాకు మాటిస్తె పొమ్మను. మాటియ్యకపోతె మాత్రం వద్దు," అనెను. మా మూడు మాటలకంటె ఆ ఒక్క మాట బరువైనది. అతడు మాట యిచ్చెను.

పోటీ అయిన మరునాడు ఫోను చేసెను. ఈత ముగించినాడు. సైకిలుమీద అరువది కిలోమీటర్లు పోయినాడు. అక్కడ మండుటెండలో చలివేసి ఒళ్ళు గగుర్పొడిచినది, తల తిరిగినది. ఎండలో చలి పుట్టుట చెడ్డ గురుతని ముందే తెలిసికొనియుండెను. సైకిలు దిగి, నీడన కూర్చుండి, కాలికి కట్టిన గురుతు పట్టీని విప్పి అప్పగించినాడు. ఆఫీసులో కొందరు నవ్విరట.

పిమ్మట అతడు అడిగిన ప్రశ్న మమ్మును ఇంకను విడువలేదు. "పెద్దనాయనా, ఇంక ముప్పై కిలోమీటర్లు తొక్కుదునేమో. పరుగు కూడ అయిపోవునేమో. నేను తెలివితో ఆగిన్నా, భయపడి ఆగిన్నా?"

మేము నిజము చెప్పితిమి: మాకు తెలియదు. ఆగకపోయినయెడల ఏమగునో ఎవనికిని తెలియదు. ముగించినవానికి పతకము సాక్ష్యమిచ్చును. చెడినవానికి గాయము సాక్ష్యమిచ్చును. తగిన సమయమున ఆగినవానికి మాత్రము ఏ సాక్ష్యమును లేదు. రాని ఆపదను ఎవరు చూపగలరు? బెసోరునొద్ద నిలిచిన రెండు వందల మందికిని ఈ కష్టమే కలిగియుండును. ఇంకొక అడుగు వేయగలిగియుందుమేమో అని వారు ఆ రాత్రి సామానుల నడుమ కూర్చుండి అనుకొనియుందురు.

అయితే ఒక్క తేడా చెప్పగలిగితిమి. భయము దాగుకొనును, సాకులు వెదకును, తప్పును సైకిలుమీదనో ఎండమీదనో మోపును. అతడు అట్లు చేయలేదు. చాలినంత సాధన చేయక దిగితినని అందరియెదుట ఒప్పుకొనినాడు. మాట యిచ్చినచోట మాట నిలుపుకొన్నాడు. ఇంతవరకు మాత్రము మేము సాక్షులము.

చదువరులారా, మనలో ఎవరును గోవాకు పోయి ఈదబోము. అయినను మన బలమునకు మించిన పందెములలో మనమును పేరిచ్చుచుండుదుము. నలుగురు నవ్వుదురని అప్పుచేసి పెండ్లి జరిపించుట, జ్వరముతో నుండియు రోషముకొరకు ఎండలో బస్తాలు మోయుట, మన చేతకాని పెత్తనమును విడువక పట్టుకొనుట, ఇవన్నియు అట్టివే. దిగకముందు ఖర్చు లెక్క చూచుకొందము. దిగిన పిమ్మట వాగు వచ్చినప్పుడు మన కాళ్ళను మనము ఎరిగియుందము. మరియు మన సంఘములో ఎవడైన అలసి, వాగునొద్ద ఆగిపోయి, తల వంచుకొని వచ్చినయెడల, అతనిని నవ్వక, అతని పాలు అతనికి పెట్టుదము. ఆ సైకిలు ఇప్పటికిని ఛత్రినాకలో గోడప్రక్కనే యున్నది. వారమునకు మూడు దినములు, నిద్ర తీరిన పిమ్మట మాత్రమే, దానిని బయటికి తీయుచున్నాడని అతని భార్య మాకు చెప్పినది.